టీచరమ్మ వాయిస్తే

అందరూ నిదానం అని పిలిచే ఆయన ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఒక గంట ముందు ఆఫీసులోంచి బయటపడాలి. ఇంటికి చేరి, భార్యతో కలిసి ఒక్కటంటే ఒక్క పాట చివరిదాకా వాయించాలి. రాత్రి భోజనాల వేళకి బావమరిది వచ్చి వాయిద్యాలు పట్టుకుపోతాడు. ఆ తరవాత వాయిద్దామన్నా ఇంట్లో గిన్నెలు తప్ప ఏమీ ఉండవు.

వాయిద్యాలంటే నిజమైనవి కావు. టీవీకి తగిలించి ఆడుకునే ఆట తాలూకు ప్లాస్టిక్ సరంజామా. తీగల బదులు మెడ మీద అయిదు రంగుల మీటలు, పొట్ట మీద ఒక రెక్క ఉన్న గిటారు ఒకటి. నాలుగు రబ్బరు డ్రమ్ములు, వాటికి రెండు కర్రలు. టీవీలో రాక్ పాట మోగుతుంటే ఒక రోడ్డు మీద రంగు చుక్కలు దొర్లుకుంటూ మన మీదికి వస్తాయి. చుక్క గీత దాటే క్షణానికి సరిగ్గా ఆ రంగు మీట నొక్కి రెక్క కదపాలి, లేదా ఆ రంగు డ్రమ్ము కొట్టాలి. సరిగ్గా పడుతుంటే టీవీలో జనం ఈలలేస్తారు, తప్పుతూ పోతే గోల చేస్తారు. మరీ తప్పితే ఆటగాడు 'పోతాడు'. పక్కనున్నవాళ్లు బాగా వాయిస్తూ ఉంటే పోయినవాణ్ని రెండుసార్లు బతికించవచ్చు. మూడోసారి పోతే ఇక దేవుడు కూడా ఏమీ చెయ్యలేడు.

బావమరిది ఇల్లు మారుతూ, కొత్తింట్లో సామాను సర్దుకునేదాకా ఉంచమని వీటిని అక్కగారి హాల్లో పెట్టి, ఎలా ఆడాలో ఒక పూట అక్కతో కలిసి ఆడి చూపించి వెళ్లాడు. మొదటి రెండు రోజులూ వాటి మీద తడి తువ్వాళ్లు ఆరేశారు. తరవాత ఒక సాయంత్రం, ఊరికే చూద్దామని టీచరమ్మ మళ్లీ కర్రలు చేతిలోకి తీసుకుంది. ఇక వదల్లేదు.

టీచరమ్మ అంటే నిదానం భార్య. చిన్నపిల్లల బళ్లో పాఠాలు చెబుతుంది. అక్కడ ఆవిడ గొంతు రెండో బెంచీ దాటదని పేరు. ఆ బళ్లో ఇప్పుడు పెద్ద టీచరు కుర్చీ ఖాళీ అయింది. వడపోతలన్నీ అయ్యాక ఇద్దరి పేర్లు మిగిలాయి, అందులో ఈవిడది ఒకటి. "మనిషి మంచిదే గానీ మరీ మెత్తన" అని కమిటీలో ఎవరో అన్నారట. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి ఆవిడకి నిద్ర సరిగా పట్టడం లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అదే బడి. ఆ కుర్చీ తనకి రావాలని ఉందని ఆవిడ ఎవరితోనూ అనలేదు, మొగుడితో తప్ప. ఆయనతోనూ ఒక్కసారే అంది, అన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ దిగులంతా సాయంత్రాలు రబ్బరు డ్రమ్ముల మీద తీర్చుకునేది. చూస్తూ ఉండగానే సులువు మెట్టు నుంచి కష్టం మెట్టుకి ఎక్కేసింది.

నిదానం సులువు దగ్గరే ఉండిపోయాడు. ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదులు వినే బల్ల దగ్గర కూర్చుంటాడు. లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్లకి ఆయన గొంతు వింటే ఆయాసం తగ్గుతుంది. ఆయన రెండో వాక్యం పూర్తిచేసే లోపల మెకానిక్కు వెళ్లి తలుపు తీసేస్తాడు. ఏ మాటైనా సగం చెప్పి, మిగతా సగం లోపల ఒకసారి సరిచూసుకుని, అప్పుడు బయటికి వదలడం ఆయన అలవాటు. ఇంట్లో ఆ మిగతా సగంతో అవసరం పడేది కాదు. టీచరమ్మే పూర్తిచేసేసేది. బళ్లో ఎంత మెత్తనో ఇంట్లో అంత చురుకు. "కాస్త నా…" అని ఆయన అంటే మంచినీళ్ల గ్లాసు చేతిలో పెట్టేది. ఆయన అడగబోయింది కళ్లజోడు. అయినా తాగేసేవాడు.

ఆటలోనూ అదే తంతు. చుక్క గీత దాటాక ఒక రెప్పపాటుకి ఆయన వేలు కదిలిందని ఆట లెక్క వేసేది. "ఎర్రది కనిపిస్తే నొక్కెయ్యాలి గానీ, అది ఎర్రదేనా అని విచారణ జరిపిస్తారేంటండీ!" అని టీచరమ్మ విసుక్కునేది. ఇంతవరకు ఏ పాటలోనూ ఆయన రెండో చరణం చూడలేదు. చిన్న కోరికే అయినా, సామాను వెళ్లిపోయేలోగా ఒక్కసారైనా భార్య పక్కన చివరిదాకా నిలబడాలని ఆయన మనసులో గట్టిగా ఉంది.

ముందు రోజు సాయంత్రం ఆవిడ మంచి ఊపులో ఉండగా ఒక కర్ర చేతిలోంచి జారి, గాల్లో పల్టీ కొట్టి, వచ్చి ఆయన నుదుటికి తగిలింది. పొద్దున అద్దంలో చూసుకుంటే నిమ్మకాయంత బొప్పి. రెక్క కదిపీ కదిపీ కుడి మణికట్టు వాచి ఉంది, దానికి పట్టీ. ఆ వాలకంతో ఆఫీసుకి వెళ్లాడు.

పక్క సీటావిడ చూసీ చూడగానే నోటి మీద చెయ్యి వేసుకుంది. ఈవిడ గురించి ఒక ముక్క చెప్పాలి. టీచరమ్మ పనిచేసే బడికి సెక్రటరీ ఈవిడ సొంత అక్క. పెద్ద టీచరు ఎవరన్నది తేల్చేది ఆ అక్కగారే.

"అయ్యయ్యో, నుదుటి మీద అదేంటండీ నిదానం గారూ?"

"మా ఆవిడ వాయిస్తుంటే…" అని ఆయన ఆగాడు. 'కర్ర జారి తగిలింది' అన్న రెండో సగం లోపల తయారవుతోంది. ఇంతలో ఫోను మోగింది. ఏదో మేడలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిందట. వాళ్లకి ధైర్యం చెప్పి ఫోను పెట్టేసరికి పక్క సీటావిడ కుర్చీ లాక్కుని మరీ దగ్గరికొచ్చి కూర్చుంది.

"రోజూ వాయిస్తుందా?" అంది గొంతు బాగా తగ్గించి.

ఈవిడకీ ఆటంటే ఆసక్తి ఉంది కాబోలు అనుకుని నిదానానికి హుషారు వచ్చింది. "రోజూనేనండీ. బడి నుంచి రాగానే మొదలు. సెలవు రోజైతే పొద్దున కూడా."

"ఎప్పట్నుంచి?"

"మా బావమరిది వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి. అసలు అతనే నేర్పించాడు. ఆ రోజు వాళ్లిద్దరూ కలిసి ఏం వాయించారనుకున్నారు!"

"ఇద్దరూ కలిసే!"

"మొదట్లో సులువుగానే ఉండేది. ఇప్పుడు కష్టంలోకి దిగింది. అసలు చెయ్యి కనపడదు, అంత వేగం."

"మరి మీరు ఊరుకుంటారా?"

"ఊరుకోవడమేంటండీ, నేనే అడుగుతాను. కాకపోతే నేను మధ్యలోనే పోతాను. పాపం, తనే మళ్లీ బతికిస్తుంది."

పక్క సీటావిడ చేతిరుమాలు తీసి కళ్లొత్తుకుంది. ఆయన అది జలుబనుకున్నాడు.

"ఏదైతేనేం, ఇవాళ్టితో ఆఖరు," అన్నాడు దిగులుగా. "ఇవాళ ఎలాగైనా చివరిదాకా వెళ్లాలని ఇద్దరం అనుకున్నాం."

ఆవిడ చటుక్కున లేచి మేనేజరు గదిలోకి వెళ్లిపోయింది.

కాసేపటికి మేనేజరే స్వయంగా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ పెద్దమనిషి ఎప్పుడూ ఎవరి భుజం మీదా చెయ్యి వేసిన పాపాన పోలేదు. ఇప్పుడు వేశాడు.

"సార్, ఇవాళ ఒక గంట ముందు…" అని నిదానం మొదలుపెట్టాడు.

"వద్దు. తొందరపడి ఇంటికి వెళ్లకండి," అన్నాడు మేనేజరు. "ఎంతసేపు కావాలంటే అంతసేపు ఇక్కడే ఉండండి. వెనక గదిలో మంచం ఉంది. దిండు కూడా ఉంది."

గంట ముందు వదలమంటే మంచం చూపిస్తున్నాడేమిటో నిదానానికి అంతుపట్టలేదు. ఆ ఆశ్చర్యంలో ఉండగానే మెకానిక్కులు నలుగురూ పనిముట్ల సంచులతో వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. "అన్నా, నువ్వు ఊ అను చాలు," అన్నాడు వాళ్లలో బలంగా ఉన్నవాడు. "సాయంత్రం నలుగురం మీ ఇంటికి వస్తాం. మేమూ చూస్తాం వదినగారి సంగతేంటో."

ఆట సంగతి వీళ్లదాకా పాకిందన్నమాట అని నిదానం సంతోషించాడు. "రండి, దానికేం! కానీ మీరు నలుగురూ కలిసినా మా ఆవిడ ముందు నిలవలేరు," అన్నాడు గర్వంగా. మెకానిక్కులు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. వాళ్లకి ఆ సాయంత్రం వేరే పనులు గుర్తొచ్చాయి.

టీ వేళకి పక్క సీటావిడ ఆయనకి తన కప్పు కూడా ఇచ్చేసింది. "మీరేం బెంగపెట్టుకోకండి. మా అక్కయ్యకి ఫోను చేసి అన్నీ చెప్పాను. తనే చూసుకుంటానంది. బడి నడిపే మనిషి కదా, ఇలాంటివి తేలిగ్గా తీసుకోదు."

"ఎలాంటివి?"

"అదే, మొగుణ్ని వాయించడం."

నిదానం చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. నెలరోజులుగా పగలూ రాత్రీ వాయించడం, వాయించడం అంటున్నా, ఆ మాటకి ఇంకో అర్థం ఉందన్న సంగతి ఆయనకి ఇప్పుడు తోచింది. పొద్దున్నుంచి తను అన్న ఒక్కో మాటా వెనక్కి వచ్చి చెవిలో మోగింది. ఆ బడి గేటు పక్కన గోడ మీద 'ఇక్కడ ఎవరి మీదా చెయ్యెత్తరాదు' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు కళ్ల ముందు నిలిచాయి. నోటి మాటతో భార్య కుర్చీ పోగొట్టానే అనుకున్నాడు.

"అయ్యో, తను వాయించేది నన్ను కాదండీ…"

"మరెవర్ని? పక్కింటివాళ్లనా!" అంది ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుని.

ఫోను మోగింది. ఈసారి ఒక లిఫ్టులో ఏకంగా పెళ్లిచూపులకి వెళుతున్న కుటుంబం ఇరుక్కుంది. వాళ్లని అల్లరి చెయ్యకుండా ఆపేసరికి చాలాసేపు పట్టింది. నిదానం ఇటు తిరిగేసరికి పక్క సీటావిడ తన ఫోనులో, "పక్కింటివాళ్లని కూడానట అక్కయ్యా!" అంటోంది.

ఆయన బయటికి పరిగెత్తి భార్యకి ఫోను చేశాడు.

"ఇదిగో, సెక్రటరీగారు…"

"బాబోయ్, ఆవిడ పేరు ఎత్తకండి, నాకు కాళ్లూ చేతులూ వణుకుతున్నాయి," అంది టీచరమ్మ. "త్వరగా బయల్దేరండి. తమ్ముడు వచ్చేలోపు ఒక్క పాటైనా అవ్వాలి." పెట్టేసింది.

నిదానం ఇంటికి చేరేసరికి టీచరమ్మ జుట్టు ముడేసుకుని, జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, డ్రమ్ముల ముందు తయారుగా ఉంది. ఇరుగుపొరుగుకి ఇబ్బంది లేకుండా టీవీ గొంతు బాగా తగ్గించి, డ్రమ్ముల మీద పాత దుప్పటి కప్పడం రోజూ ఉన్నదే. ఆ దుప్పటి వల్ల బయటికి టపాటపా చప్పుడు తప్ప పాట వినిపించదు.

"ముందు నా మాట…"

"తరవాత. పట్టుకోండి," అని గిటారు ఆయన మెడలో వేసేసింది. పాట మొదలైపోయింది.

"అది కాదే, ఆఫీసులో…"

"ఆలస్యం! మళ్లీ ఆలస్యం! ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?" టప్ టప్ టప్. "నన్ను చూడకండి, ముందుకి చూడండి! అయ్యో, పోయారు!"

"బతికించవే!"

"బతికించాను, లేవండి!" టపాటపాటపా. "ఇదిగో చెబుతున్నా, ఇంకొక్కసారే బతికిస్తాను. ఆ తరవాత నా వల్ల కాదు. హమ్మయ్య… అదిగో, మళ్లీ! మళ్లీ పోయారు!"

"చెయ్యి నొప్పిగా ఉందే!"

"ఉంటే ఉంది! ఇవాళ చివరిదాకా వదిలేది లేదు!"

అప్పటికే గుమ్మం బయట సెక్రటరీగారు బెల్లు మీద వేలు పెట్టి, నొక్కకుండా వింటూ నిలబడింది. మూడోసారి నిదానం పోయి, టీచరమ్మ "ఛీ, మీతో వేగలేను!" అని చివరి దెబ్బ ఒకటి గట్టిగా వేశాక, బెల్లు మోగింది.

రెండు చేతుల్లో రెండు కర్రలతో, చెమటలు కక్కుతూ టీచరమ్మ వెళ్లి తలుపు తీసింది. వెనకాలే నిదానం గిటారు సోఫాలో పడేసి వచ్చాడు. గుమ్మంలోంచి చూస్తే హాలు కనపడదు, సన్నటి నడవా, ఈ ఇద్దరూ మాత్రమే కనపడతారు. సెక్రటరీగారు కర్రల వంక చూసింది. బొప్పి వంక చూసింది. మణికట్టు పట్టీ వంక చూసింది.

"లోపలికి రండి మేడం," అంది టీచరమ్మ. ఆవిడ గొంతు మళ్లీ రెండో బెంచీ దాటనిదైపోయింది.

"వద్దులే అమ్మా. ఇక్కణ్నుంచే అన్నీ విన్నాను."

చప్పుడు గురించి ఎవరో చెప్పి ఉంటారని టీచరమ్మ ముఖం పాలిపోయింది. "క్షమించండి మేడం. రోజూ కాసేపేనండీ. ఎవరికీ వినపడకుండా దుప్పటి కప్పే వాయిస్తాను."

"దుప్పటి కప్పి," అంది సెక్రటరీగారు మెల్లగా.

"వాయిస్తే నాకు మనసు తేలికపడుతుంది మేడం. ఆయనకీ ఇష్టమే. అడగండి కావాలంటే."

నిదానానికి నేల రెండుగా చీలి తనని లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. సెక్రటరీగారు చేతిసంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"చూడమ్మా, మన బడికి పిల్లలతో ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా పెద్దవాళ్లతోనే. వ్యాను డ్రైవర్లు వాళ్లకి బుద్ధి పుట్టినప్పుడు వస్తారు. గోడకి సున్నం వేస్తానన్న మేస్త్రీ బకెట్టు పెట్టి మాయమయ్యాడు. తల్లిదండ్రులు గేటు దగ్గర రోజూ సభ పెడతారు. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. నువ్వు పిల్లల్ని పల్లెత్తు మాట అనవని మాకు తెలుసు. పెద్దవాళ్లని మాత్రం వదలవని ఇవాళే తెలిసింది. మెత్తన అన్నవాళ్లకి నేను చెప్పుకుంటాను. రేపట్నుంచి ఆ కుర్చీలో నువ్వు కూర్చో."

టీచరమ్మకి అందులో సగమే అర్థమైంది, ఆ సగం చాలింది. కర్రలు రెండూ గుండెలకి హత్తుకుని అలాగే నిలబడిపోయింది.

"అసలు సంగతి ఏంటంటేనండీ…" అన్నాడు నిదానం.

వెళ్లబోతున్న సెక్రటరీగారు ఆగింది. "ఏదో చెప్పబోతున్నారు. చెప్పండి. తొందరేం లేదు, ఆగుతాను."

పుట్టి బుద్ధెరిగాక ఆయన రెండో సగం కోసం ఇంత ఓపిగ్గా ఆగిన మనిషి ఈవిడే. నిదానం నోరు తెరిచాడు. 'అది ప్లాస్టిక్ డ్రమ్ములండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కకి చూశాడు. భార్య కళ్లలో మళ్లీ నీళ్లు తిరుగుతున్నాయి, ఈసారి ఆవిడ నవ్వుతోంది. ఆయన ఆ మాట లోపలికి మింగి, ఇంకోటి వెతుక్కున్నాడు.

"మరీ అంత గట్టిగా ఏం వాయించదండీ," అన్నాడు.

"వాయించమనండి," అంది సెక్రటరీగారు మెట్లు దిగుతూ. "బళ్లో ముందు ఆ మేస్త్రీతో మొదలుపెట్టమనండి."

తలుపు వేశాక నిదానం మొత్తం కథ చెప్పాడు. టీచరమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, అంత నిర్ఘాంతపోయింది. "అంటే ఊరు ఊరంతా నేను మిమ్మల్ని… అయ్యో రామా! పొద్దున్నే చెప్పొద్దూ ఈ సంగతి?"

"పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాను."

వాళ్లు ఇంకా ఆ మాటల్లోనే ఉండగా బావమరిది అట్టపెట్టెలతో దిగాడు. సామాను సర్దబోతూ ఒక మీట నొక్కి, టీవీ వంక చూసి ఆగిపోయాడు. "ఇదేంటి అక్కా, మీ టీవీలో బొమ్మ రవ్వంత ఆలస్యంగా పడుతోంది. ఆ సంగతి ఆటకి చెప్పాలి, లేకపోతే లెక్కలు తప్పుతాయి. నేను చెప్పలేదూ?"

"లేదు," అన్నారు ఇద్దరూ.

"అదీ సంగతి! చూసి వాయించేవాళ్లు ఎంత సరిగ్గా వాయించినా ఇందులో ఆలస్యమే. చూడకముందే కొట్టేసేవాళ్లకైతే అన్నీ సరిపోతాయి." అని ఏవో రెండు మీటలు నొక్కి సరిచేశాడు. "ఊ, ఒక్క పాట కానివ్వండి. తరవాత పట్టుకుపోతా."

పాట మొదలైంది. నిదానం ఎప్పటిలాగే చుక్కని చూసి, ఎర్రదేనని తేల్చుకుని, నొక్కాడు. టీవీలో జనం ఈలేశారు. పచ్చదానికీ వేశారు, నీలానికీ వేశారు. మొదటి చరణం అయింది, ఇన్నాళ్లూ ముఖం చాటేసిన రెండో చరణం వచ్చింది. ఆయన చెయ్యి నొప్పి మరిచిపోయాడు. పక్కన టీచరమ్మ ప్రతి దెబ్బా రెప్పపాటు ముందు వేసి పోయింది, ఆయన బతికించాడు, మళ్లీ పోయింది, మళ్లీ బతికించాడు. మూడోసారి ఆవిడ పోయేసరికి పాట చివరి పాదంలో ఉంది. టీవీ ఆగిపోయింది.

నిదానం గిటారు దించి, భార్య వైపు తిరిగి, ఆగకుండా, తడుముకోకుండా, ఒకే ఊపిరిలో ఒక వాక్యం మొత్తం చెప్పాడు. "తొందరపడుతున్నావు, ఎర్రది కనిపించాక కొట్టాలి గానీ ముందే ఊహించుకుంటావేంటి?"

బావమరిది గబగబా డ్రమ్ములు విప్పి పెట్టెలో పెట్టేశాడు.

మర్నాడు ఆఫీసులో పక్క సీటావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. కొత్త బొప్పి ఏదీ లేదు. ముఖం మాత్రం వాడిపోయి ఉంది. "ఏమైందండీ మళ్లీ?" అంది.

"మా ఆవిడ వాయించింది," అన్నాడు నిదానం.

ఈసారి ఆ మాటకి రెండో సగం లేదు.